కింద రేగుచెట్టు, పైన శుక్రవారం బడి

ఆ శుక్రవారం ఆ హాల్లో ఉన్నవాళ్ళు: పిల్లలు పద్నాలుగురు, వాళ్ళలో పెద్దది పదకొండేళ్ళ ధన్య, చిన్నవాడు ఐదేళ్ళు నిండని ఒక బుడతడు, ఇంటావిడ వరలక్ష్మి గారు, వంటింటి గుమ్మానికి ఆనుకుని కింది ఇంట్లో పనిచేసే రమణమ్మ, నేను. ఉన్న వస్తువులు: రెండు చాపలు, ఒక తెల్ల బోర్డు, పీట మీద జానెడు మట్టి వినాయకుడు, ఇత్తడి పళ్ళెంలో పదకొండు రకాల ఆకులు, తడిగుడ్డ కప్పిన ఉండ్రాళ్ళ గిన్నె, నిమజ్జనానికి ఒక నీళ్ళ బకెట్టు. చెప్పులు మాత్రం గుమ్మం బయట లేవు. పిల్లల చెప్పులన్నీ తలుపు లోపలే, బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బులో ఉన్నాయి. మెట్ల మీద అన్ని చెప్పులు కనిపిస్తే పైన బడి జరుగుతోందని కింద తెలిసిపోతుందని మా భయం.

ఇదంతా మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం ఈ మధ్య వచ్చిన ఒక ఫోను. డ్యూటీ దిగి కంపెనీ బస్సులో వస్తుండగా రమణమ్మ చేసింది. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో, జాబ్రియాలో, ఆ ఇంటి కింది వాటాలో ఉండే యజమానురాలు, కువైటీ ముసలావిడ దగ్గరే ఇన్నేళ్ళూ పనిచేసింది. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు యజమానురాలిని మామా అంటారు. పైవాటాల్లో అద్దెకున్న వాళ్ళందరూ కూడా అలాగే అనేవాళ్ళు. ఆవిడ అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. "సార్, మామా పొయ్యింది," అని రమణమ్మ కాసేపు ఏడ్చింది. ఆవిడకు ఆఖరి స్నానం చేయించడానికి పెరట్లోని రేగాకు తానే కోసి, తానే ఎండబెట్టి, తానే దంచి ఇచ్చానని చెప్పింది. ఇక్కడి ముస్లింలలో పోయినవాళ్ళకు రేగాకు కలిపిన నీళ్ళతో స్నానం చేయిస్తారు. తరువాత గొంతు సర్దుకుని అసలు సంగతి అడిగింది. "ఇంగ చవితికి మూడు వారాలు గూడా ల్యాదు. ఈ తూరి ఆకు కొయ్యాల్నా, వద్దా? మీరే చెప్పండి సార్." నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. రేపు చెప్తానన్నాను. ఎందుకు తోచలేదో అర్థం కావాలంటే నా మొదటి ఏళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

నేను కాకినాడలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్రెషర్ గేజీలు సరిచూసే పని మీద ఇక్కడికి వచ్చాను. ముల్లు ఎంతవరకు తప్పు చూపించవచ్చో కాగితం మీద ముందే రాసి ఉంటుంది. ఆ గీత లోపల ఉంటే పాస్, దాటితే ఫెయిల్. ఆ ఉద్యోగం నా తీరుకు సరిపోయింది. సరిపోనిది శుక్రవారం. అబ్బాసియాలో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. మిగిలిన ముగ్గురూ సెలవు రోజు మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాళ్ళు. నేను బట్టలు ఉతుక్కుని, ఆరేసుకుని, వాటి పక్కనే కూర్చుని అవి ఆరడం చూసేవాణ్ణి. వేసవిలో అదీ ఎక్కువసేపు పట్టేది కాదు. మా సైట్‌లో సూపర్‌వైజరు సత్యం గారు ఒకసారి భోజనానికి పిలిచారు. వాళ్ళావిడ వరలక్ష్మి గారు, రాజోలు వైపు మనిషి, నేను రెండో ముద్ద కలుపుకునే లోపలే శుక్రవారాలు ఏం చేస్తుంటావని అడిగారు. బట్టలు ఉతుక్కుంటానండి అన్నాను. "ఉతుక్కునే రా మరి. మా ఇంటికొచ్చే పిల్లలకి తెలుగు చెప్పేవాళ్ళు లేరు," అన్నారు.

అలా నేను మాస్టారునయ్యాను. ఆ బడికి పేరు లేదు, గుమ్మం మీద బోర్డు లేదు. చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ పిల్లలు, వారమంతా ఇండియన్ స్కూళ్ళలో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ చదువుకునేవాళ్ళు, సెలవు రోజు ఆ హాల్లో కూర్చుని మన అక్షరాలు, తిథులు, నక్షత్రాలు, పండుగలు, పెద్దవాళ్ళకు నమస్కారం ఎలా చేయాలో, విస్తట్లో ఏది ఎక్కడ వడ్డిస్తారో నేర్చుకునేవాళ్ళు. అక్షరాలు నావి, ఆచారాలు వరలక్ష్మి గారివి. జుమ్మా నమాజు అయి వీధులు సద్దుమణిగాక మొదలుపెట్టేవాళ్ళం. పొద్దు వాలేవేళ నమాజు పిలుపు, అసర్ బాంగు, వినపడితే మాకు ఇంటిగంట కొట్టినట్టు. ఇక్కడ మన పండుగలు ఏ వారం వచ్చినా శుక్రవారమే వస్తాయి. చవితి మంగళవారమైతే పెద్దవాళ్ళు ఇళ్ళల్లో మంగళవారమే చేసుకునేవారు, పిల్లల చవితి మాత్రం శుక్రవారం.

నేను నా పద్ధతిలో ప్రతి పిల్లకూ ఒక పట్టిక గీశాను. ఏ అక్షరం వచ్చు, ఏది రాదు, ఏది తడబడుతుంది. తడబడటానికి పసుపురంగు చుక్క. వరలక్ష్మి గారు ఆ పట్టికలు చూసి, "పిల్లలేవన్నా మీటర్లా మూర్తిబాబూ, ముల్లు సరిచేసి సీలు వేసెయ్యడానికి?" అనేవారు. ఆవిడ పద్ధతి వేరు. ఎవరికి రాదో వాళ్ళనే పక్కన కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయించేవారు. కాయలు అయిపోయేసరికి ఆ పిల్లకు వారాల పేర్లు వచ్చేసి ఉండేవి. ఎలా వచ్చేవో నా పట్టికకు దొరకలేదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. మా వైపు నుంచి ఇంగువ, ఆవిరికి పెట్టిన బియ్యపురవ్వ. కింది నుంచి మెట్ల మీదుగా వచ్చేది బఖూర్ అనే ధూపం పొగ, యాలకులు వేసిన కాఫీ, శుక్రవారం మధ్యాహ్నం పెద్ద గంగాళంలో వండే మాంసం అన్నం. శుక్రవారం మామా కొడుకులు, కోడళ్ళు, మనవలు అందరూ ఆవిడ ఇంటికి భోజనానికి రావడం వాళ్ళ రివాజు. మాకు చిక్కు వచ్చింది అక్కడే. పెద్దకొడుకు భోజనం చేసి కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు పైన మావాళ్ళు గొంతెత్తి నక్షత్రాలు చదువుతుండేవాళ్ళు. మెట్ల మీద చెప్పుల గుట్ట కూడా ఆయన కంట పడింది. హారిస్‌తో, అంటే ఆ ఇంటి కాపలా ఈజిప్టు మనిషితో, కబురు పంపాడు. ఇది సంసారాలుండే ఇల్లు, ప్రతి వారం ఈ గుంపేమిటి, ఇంకోసారి వింటే వాటా ఖాళీ చేయాలి, అని. సత్యం గారు నెమ్మదైన మనిషి, ఆయన బెదిరిపోయారు. చవితి శుక్రవారం వరకు ఎలాగో నడపండి, ఆ తరువాత ఆపేద్దాం అన్నారు. వరలక్ష్మి గారు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడారు, ఆపడానికి ఒప్పుకున్నారు.

మిగిలిన వారాలు బడి గుసగుసలతో నడిచింది. నేను పెదవులు మాత్రం కదిపేవాణ్ణి, పిల్లలు గాలితో పలికేవాళ్ళు. పద్నాలుగు మంది పిల్లలు ఒకేసారి అశ్విని, భరణి, కృత్తిక అని ఊపిరితో చదివితే ఎండుటాకులు ఊడుస్తున్నట్టు ఉండేది. విచిత్రమేమిటంటే చదువు బాగుపడింది. అందరూ నా నోటివైపే చూడాల్సి వచ్చేది, పక్కచూపులు లేవు. పసుపుచుక్కలు తగ్గాయి. కానీ ఐదేళ్ళ బుడతడు ఇంట్లో కూడా తెలుగు మాట వస్తే గొంతు తగ్గించేస్తున్నాడని వాళ్ళమ్మ చెప్పింది. ఇంగ్లీషు గట్టిగా, తెలుగు మెల్లగా. తెలుగు అలాగే మాట్లాడాలనుకున్నాడు వాడు. ఆ మాట విన్నాక వరలక్ష్మి గారు ఆ పూట చిక్కుడుకాయలు ముట్టుకోలేదు.

రమణమ్మ ఆ గుసగుసల రోజుల్లోనే రావడం మొదలుపెట్టింది. శుక్రవారం కొడుకులు వెళ్ళిపోయాక మామా ఓ గంట పడుకుంటుంది. ఆ గంటలో వెనక మెట్ల మీదుగా పైకి వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి పిల్లలను చూసేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. చదువుకుంటావా అని నేను అడిగితే నవ్వింది. తన కూతురు కూడా ధన్య ఈడుదేనట, చెల్లెలి దగ్గర పెరుగుతోంది. "సదువెందుకు సార్ నాకు. పిల్లోల్లు మాట్లాడ్తాంటే ఇనాలని వస్తా. ఫోన్లో మా పాప మాట్లాడదు, ఊ అంటాది అంతే," అంది. చెప్పకుండా ఇల్లు దాటి పైకి వస్తున్నట్టు కింద తెలిస్తే ఆమెను పనిలోంచి ఖలాస్ చేసి విమానం ఎక్కిస్తారని మాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ ఏడాది చవితికి నేను పెట్టుకున్న పని ఆకులు. వినాయకుడి పూజకు ఇరవై ఒక్క రకాల పత్రి కావాలి. ఎడారి ఊళ్ళో ఎన్ని దొరుకుతాయి? పిల్లలకు తలా ఒక ఆకు అప్పగించాను. గరిక విల్లాల ముందు పచ్చికలో ఉంది. తులసి వరలక్ష్మి గారి బాల్కనీలో ఉంది. మామిడాకులు మన కొట్లో అమ్మారు. దానిమ్మ, జాజి నర్సరీలో దొరికాయి. మరువం పాత బజారు సూక్‌లో మూలికలమ్మే ముసలాయన ఇచ్చాడు. గన్నేరును సత్యం గారు ఎర్రలైటు దగ్గర కారాపి, కిటికీలోంచి చెయ్యి చాపి రోడ్డు మధ్య పొదలోంచి తుంచారు. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక సాహసం అదని వరలక్ష్మి గారు చాలాకాలం ఏడిపించారు. జహ్రా అవతల ఇసుకలో జిల్లేడు దొరికింది. జమ్మి అచ్చంగా మనది కాదు, దాని జాతిదే, రోడ్ల పక్కన నాటుతారు, పాస్ చేశాను. మారేడుదళం ఊరి నుంచి ఎండినది వచ్చింది, రావి ఒక పిల్ల వాళ్ళ స్కూలు ఆవరణలోంచి తెచ్చింది. అవి పదకొండు. మాచిపత్రి, ఉత్తరేణి, విష్ణుక్రాంతం లాంటివి ఆశ వదులుకున్నాం. దొరకని ఆకుకు అక్షతలు వేస్తే సరిపోతుందని వరలక్ష్మి గారు తేల్చారు.

పన్నెండోది బదరీపత్రం, అంటే రేగాకు. అది మా కళ్ళ ముందే ఉంది. కింద మామా పెరట్లో, గోడకు ఆనుకుని, మా బాల్కనీ ఎత్తుకు పెరిగిన చెట్టు. ఇక్కడివాళ్ళు చెట్టును సిదర్ అంటారు, పండును కనార్ అంటారు. చెయ్యి చాపితే అందనంత దూరంలో ఉంది. వెళ్ళి అడగాలంటే పైన బడి ఇంకా నడుస్తోందని చెప్పుకోవాలి. అది కూడా అక్షతల జాబితాలోకే పోయింది. ఆ ఆకు అప్పగించింది ధన్యకు, తొమ్మిదేళ్ళ కార్తీక్‌కు.

మట్టి సంగతీ చెప్పాలి. ఇక్కడి నేల ఇసుక, బొమ్మకు నిలవదు. వరలక్ష్మి గారు సెలవుకు వెళ్ళినప్పుడు గోదావరి ఒండ్రు ఒక గుడ్డమూటలో కట్టి, పచ్చడి సీసాల మధ్య పెట్టి తెచ్చేవారు. ఎయిర్‌పోర్టులో అదేమిటని అడిగితే "మొహానికండీ," అని చెప్పారట, వాళ్ళు నమ్మారట. ఆ శుక్రవారం నేను వంటింట్లో రమణమ్మ చేతికి బకెట్టు అందిస్తూ, నిమజ్జనానికి అది చాలా, ఇంకో చెంబు పోయాలా అని చూసుకుంటున్నాను. వరలక్ష్మి గారు ఉండ్రాళ్ళు దించుతున్నారు. హాల్లోకి వచ్చి లెక్కపెడితే పిల్లలు పన్నెండు మంది ఉన్నారు. ధన్య, కార్తీక్ లేరు. ఖాళీ ఇత్తడి పళ్ళెం కూడా ఒకటి లేదు. మిగిలిన పిల్లలు గుసగుసగానే చెప్పారు, రేగాకు అడగడానికి కిందికి వెళ్ళారని.

ఆ ఇద్దరూ ఎలా వెళ్ళారో తరువాత తెలిసింది. పూజకు ఆకు కోసేటప్పుడు ఎలా వెళ్ళాలో వరలక్ష్మి గారు నేర్పించి ఉన్నారు. తలస్నానం చేయాలి. చెప్పులు వేసుకోకూడదు. దారిలో నవ్వకూడదు, మాట్లాడకూడదు. పళ్ళెంలో ఉతికిన తెల్లగుడ్డ పరుచుకుని వెళ్ళాలి. చెట్టు ఇంకొకరిదైతే ముందు వాళ్ళను అడగాలి. ఆ పిల్లలు ఒక్కటీ తప్పలేదు, మేము వంటింట్లో ఉండగా స్నానాల గదిలో తలలు కూడా తడుపుకున్నారట. తడి ఆరని జుట్టుతో, ఉత్తకాళ్ళతో, ఎండ పేలుతున్న పెరటి గచ్చు మీద, పెదవి విప్పకుండా నడిచి మామా తలుపు కొట్టారు. అరికాళ్ళు కాలి కార్తీక్ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా వాడు కుయ్యిమనలేదు. ధన్య స్కూల్లో నేర్చుకున్న అరబ్బీలో, తల వంచుకుని, మా ఇంటికి సిదర్ ఆకులు కావాలి దయచేసి, అంది. ఆ వారం కొడుకులందరూ కుటుంబాలతో సెలవులకు పై దేశాలు పోయారు, హారిస్ వింటాడని మేమే గుసగుసలు మానలేదు. మామా ఒక్కతే ఉంది, నిద్ర పట్టక మేలుకుని ఉంది. తడి తలలు, ఉత్తకాళ్ళు, తెల్లగుడ్డ, ఏడుస్తున్న పిల్లవాడు, సిదర్ ఆకులు. ఆవిడకు తెలిసిన లోకంలో దానికి ఒకటే అర్థం. పైన ఎవరో చనిపోయారు.

మాకు మొదట వినిపించింది మెట్ల మీద చేతికర్ర చప్పుడు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి ఆ మెట్లెక్కలేదని రమణమ్మే చెప్పేది. ఆ చప్పుడుకు రమణమ్మ బకెట్టు కింద పెట్టేసింది. వంటింట్లోకి జరిగి ఫ్రిజ్ పక్కన సందులో నిలబడింది. తలుపు తెరిచే ఉంది. ముందు ధన్య, కార్తీక్ వచ్చారు, వాళ్ళ పళ్ళెం నిండా పొంగిపోయేలా రేగుకొమ్మలు. వెనక నల్లటి అబాయాలో మామా, ఆయాసపడుతూ, చేతిలో కాఫీ ఫ్లాస్కుతో. ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా వరలక్ష్మి గారి దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని, నుదుటి మీద ముద్దుపెట్టుకుని ఏడ్చింది. ఆవిడ అంటున్న మాటల్లో అల్లా అన్న పేరు తప్ప నాకేమీ అర్థం కాలేదు.

"ఏవంటున్నారే ధన్యా?" అన్నారు వరలక్ష్మి గారు బిక్కచచ్చిపోయి.

"ఎవరు చనిపోయారు, ఎప్పుడు అని అడుగుతున్నారు ఆంటీ."

"అయ్యయ్యో. పండగ పూట దేవుడి ముందు అవేం మాటలమ్మా. కాదని చెప్పు."

ధన్య చెప్పాలని చూసింది. ఆ పిల్ల అరబ్బీ పరీక్షలకు సరిపోయే అరబ్బీ. ఇది కలం, అది కిటికీ, మా నాన్న ఇంజినీరు. పండుగ అని ఏదో అంది. చావు ఇంట పండుగేమిటని మామాకు ఇంకా అయోమయం. ఆవిడ చుట్టూ చూసింది. పన్నెండు మంది పిల్లలు చాపల మీద బిగుసుకుపోయి, ఊపిరి వినపడనంత నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నారు. ఆ నిశ్శబ్దం ఆవిడ అనుమానాన్ని ఇంకా గట్టిపరిచింది. లోపలి గది వైపు అడుగేసింది, శవాన్ని చూడటానికని ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడతో మాట్లాడగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది, ఫ్రిజ్ పక్కన. మామా ఆ గదిలోకి వెళ్ళి, ఖాళీ మంచం చూసి, కిందికి దిగిపోయి ఉంటే రమణమ్మ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

రమణమ్మ బయటికి వచ్చింది. కొంగు సర్దుకుని, "మామా, ఎవరూ చనిపోలేదు," అని ఆవిడ భాషలో చెప్పింది. ఆ తరువాత చాలాసేపు మాట్లాడింది. పదేళ్ళ వంటింటి అరబ్బీ అది, ధన్య తరువాత నవ్వుతూ చెప్పింది, ఒక్క క్రియ కూడా సరిగ్గా లేదట, అయినా అంతా అర్థమైందట. పీట మీద బొమ్మను చూపించింది, పళ్ళెంలో ఆకులు ఒక్కొక్కటీ చూపించింది, పిల్లల తడి జుట్టు, కాళ్ళు చూపించింది. మామా వింటూ మధ్యలో ఒక ప్రశ్న అడిగింది. రమణమ్మ మావైపు తిరిగింది.

"పిల్లోల్లు ఎందుకు మాట్లాడ్డం ల్యా, జబ్బా అని అడగతాండాది సార్."

సత్యం గారు అక్కడ లేరు. ఉంటే ఏదో ఒక మర్యాదైన అబద్ధం చెప్పేవారు. నేను వరలక్ష్మి గారి వైపు చూశాను. ఆవిడ, "ఉన్నదే చెప్పమ్మా," అన్నారు. రమణమ్మ చెప్పింది. పెద్దబాబుకు గట్టిగా వినిపిస్తే ఇల్లు ఖాళీ చేయాలి, అందుకని అంది.

మామా కుర్చీ తెమ్మంది. విగ్రహం వైపు వీపు కాస్త తిప్పి, పిల్లలకు ఎదురుగా ఉండేట్టు వేయించుకుని కూర్చుంది. ఏం చదువుతారో చదవమంది. పిల్లలు నావైపు చూశారు. ఆ వారం నేర్చుకున్నవి ఇరవై ఒక్క ఆకుల పేర్లు. నేను పెదవులు కదిపాను, వాళ్ళు అలవాటు ప్రకారం గాలితో మొదలుపెట్టారు. మామా కర్రతో నేలను ఒక్కసారి కొట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గట్టిగా చెప్పాలంట," అంది రమణమ్మ.

మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం. మూడో పేరుకు గొంతులు లేచాయి. బదరీపత్రం దగ్గరికి వచ్చేసరికి ఐదేళ్ళ బుడతడు నిలబడి అరుస్తున్నాడు. రమణమ్మ పెరటి వైపు చెయ్యి చూపించి, అది మన చెట్టే మామా, అని చెప్పింది. ఆవిడ తల ఊపింది. ఇరవై ఒకటీ అయ్యేదాకా విని, ఫ్లాస్కులో కాఫీ అక్కడే వదిలి, కర్ర ఊతంగా లేచింది. గుమ్మం దగ్గర వరలక్ష్మి గారితో రెండు ముక్కలు, రమణమ్మతో రెండు ముక్కలు చెప్పి, యల్లా, అంటే పద, అని రమణమ్మ భుజం పట్టుకుని మెట్లు దిగింది. ధన్య మాకు చెప్పింది. వరలక్ష్మి గారితో అన్నది: ఇల్లు నాది, కొడుకుది కాదు. రమణమ్మతో అన్నది: ఇకమీదట పైకి వచ్చేటప్పుడు నన్ను నిద్రలేపి చెప్పి రా.

ఆ తరువాత బడి ఆ హాల్లోనే చాలా ఏళ్ళు నడిచింది. చెప్పులు మెట్ల మీదికి వచ్చాయి. ప్రతి చవితికి రమణమ్మ రేగుకొమ్మ పైకి తెచ్చేది. నిమజ్జనం చేసిన బకెట్టు నీళ్ళు, కరిగిన గోదావరి మట్టితో సహా, మామా చెప్పి మరీ ఆ చెట్టు మొదట్లో పోయించేది. సత్యం గారు రిటైరై వాళ్ళు రాజోలు వెళ్ళిపోయాక బడి సాల్మియాలో ఒక అద్దె హాలుకు మారింది, చవితి రేగాకు మాత్రం రమణమ్మ దగ్గరి నుంచే వచ్చేది. ఇప్పుడు మైకు ఉంది, ప్రొజెక్టరు ఉంది, తల్లిదండ్రులకు వాట్సాప్ గ్రూపు ఉంది, చెప్పేవాళ్ళం ముగ్గురం. పిల్లలు మైకులో చదువుతారు. పట్టికలు ఫోన్లోనే నిండుతాయి. పసుపుచుక్కలు మాత్రం ఆ గుసగుసల రోజులకన్నా ఎక్కువే. చిక్కుడుకాయలు ఎవరూ తేవడం లేదు. ధన్య బెంగుళూరులో ఇంజినీరింగు చదువుతోంది, అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది, తెలుగులో.

రమణమ్మ ఫోను వచ్చిన మర్నాడు నేను పరామర్శకు జాబ్రియా వెళ్ళాను. మగవాళ్ళు కూర్చునే దివానియాలో వరసగా అందరికీ చెయ్యి కలుపుతూ పెద్దకొడుకు దగ్గరికి వచ్చాను. గడ్డం నెరిసింది. నేనెవరో చెప్పబోతే ఆయనే, పైన చదువు చెప్పిన మనిషివి కదా, అన్నాడు. చెయ్యి వదలకుండా ఇంగ్లీషులో ఒక మాట చెప్పాడు. శుక్రవారం భోజనాలయ్యాక వాళ్ళమ్మ అందరి చేత టీవీ ఆపించేదట, పైన పిల్లల గొంతులు వినపడాలని. ఆ ఇల్లు ఇక అన్నదమ్ములు పంచుకుంటారని, పడగొట్టి కడతారని బయట ఎవరో అనుకుంటుంటే విన్నాను. చెట్టు గురించి ఎవరూ అనుకోలేదు.

నా చిక్కు మామూలుది. చావు జరిగిన ఇంటి నుంచి పూజకు ఆకు తెచ్చుకోవచ్చా? అదీ ఆ స్నానానికే కోసిన చెట్టు నుంచి? నాకు తెలిసిన పట్టికల్లో దీనికి గీత లేదు. రాజోలుకు ఫోన్ చేశాను. వరలక్ష్మి గారు సంగతి విని ముక్కు చీదుకోవడం వినిపించింది.

"ఆవిడ నీకేవన్నా చుట్టవా బాబూ?" అన్నారు.

"కాదండీ."

"మరి మైలేవిటి? చుట్టం కాని మనిషికి మైలుండదు. వెళ్ళి కోసుకో."

నేను సరే అనలేకపోయాను. ఆవిడ అది కనిపెట్టారు.

"మనసొప్పట్లేదా?"

"లేదండీ."

"అయితే చుట్టవే. పది రోజులు పట్టు. పదకొండో రోజు తలంటుకుని వెళ్ళి కోసుకో. చవితికింకా టైముంది కదా. నేనూ ఇక్కడ పడతాలే."

రమణమ్మకు పదకొండో రోజు వస్తానని చెప్పి మైల పట్టాను. గదిలో దీపం పెట్టలేదు. మధ్యలో వచ్చిన శుక్రవారం హాల్లో కూడా నేను దీపం ముట్టుకోకుండా ఇంకొకరిని వెలిగించమన్నాను. పిల్లలు ఎందుకని అడిగితే చెప్పాను. మీకు కువైటీ చుట్టాలున్నారా సార్ అని ఒకడు అడిగాడు. ఉండేదన్నాను. పదకొండో రోజు పొద్దున తలస్నానం చేసి జాబ్రియా వెళ్ళాను. పెరటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. రమణమ్మ అప్పటికే పెట్టె సర్దుకుంటోంది. వచ్చే నెల ఆమెను ఇంటికి పంపిస్తున్నారు, రాయచోటిలో కూతురికి పెళ్ళయి బిడ్డ కూడా పుట్టిందట. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, దారిలో మాట్లాడకూడదు కదా. ఆమె కొమ్మ వంచి పట్టుకుంది, నేను కోశాను.

ఈ ఏడాది చవితికి మాకు దొరికిన ఆకులు, ఇరవై ఒకటిలో పన్నెండు.